రహస్య ఓటుకు గట్టిమేళం

నమోదు 208

ఈ రోజు సరుకుల పడవలో ర్యాంపు వచ్చింది.

చక్రాల కుర్చీ ఎక్కించడానికి గుమ్మం ముందు ఏటవాలుగా వేస్తారే, ఆ ర్యాంపు. ఉక్కుది. జారకుండా గీతలు, రెండు పక్కలా కమ్మీలు. తడిమి చూశాను, పనితనానికి వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒకటే. మా త్రిశంకు వార్డులో బరువనేది లేదు. మనుషులం, చెంబులు, బీరకాయలు అందరం గాల్లోనే తేలుతుంటాం. నేల ఏదో కప్పు ఏదో మాలో మాకే ఇంకా తేలలేదు. పైగా చక్రాల కుర్చీ మనిషి ఈ వార్డులో ఒక్కరూ లేరు. నా కాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాకు లేనిది చూపు.

"దీన్ని ఎక్కడ బిగించమంటావే తాయారూ?" అని మా బావ అడిగాడు.

"నా నెత్తిన," అన్నాను.

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, ఆకాశానికి ర్యాంపు మోసుకొచ్చారు. దాని బరువుకి చోటు చాలక కింద రేవులోనే మూడు జాడీల ఆవకాయ దింపేశారట. వార్డు మొత్తానికి, ఏడాదికి, ఒక్క జాడీ మిగిలింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి నా పక్కగా తేలిపోయే ప్రతి మనిషీ ఒక నిట్టూర్పు విడిచి మరీ పోతున్నారు. ఎందుకంటే ర్యాంపు రావడానికి కారణం నేను పెట్టిన ఫిర్యాదు.

మేం భూమికి ఎంత ఎత్తున తిరుగుతున్నా కాగితాల మీద మాత్రం గవ్వలదిబ్బ పంచాయతీలో పన్నెండో వార్డు. మా రాకెట్టు ఎగిరింది ఆ ఊరి పొలాల్లోంచి గనక అలా రాసేశారు. కాబట్టి మాకూ ఒక వార్డు మెంబరు ఉండాలి. మా ఎన్నిక పద్ధతి తేలిక. అందరం వంటశాలలో పోగవుతాం. అభ్యర్థులు చెరో గోడకీ ఆనుకుంటారు. ఎవరు కావాలో వాళ్ల వైపు తేలాలి. అభ్యర్థుల్ని లెక్కెయ్యం, తనకి తాను ఓటేసుకోవడం మావాళ్ల దృష్టిలో తలవంపుల పని. మూడుసార్లుగా మెంబరు మా బావే, అక్క మొగుడు బుల్లెబ్బాయి. వంటశాల ఆయన చేతిలో ఉంది. ఎన్నిక భోజనాలకి ముందు పెడతాడు. ఆయన ఆనుకునే గోడ పప్పుగిన్నె ఉన్న గోడ. జనం ఇంకెటు తేలతారు?

నన్ను ఆ మాత్రం కూడా తేలనివ్వరు. "పడిపోతావే!" అంటూ బావ వచ్చి, చెయ్యి పట్టుకుని తన గోడకి లాక్కుపోతాడు. బరువే లేని చోట ఎక్కడికి పడతానో నాకిప్పటికీ అర్థం కాదు. కింద ఉన్నప్పుడూ ఇదే భాగోతం. మొదట నాన్న, ఆయన పోయాక అన్నయ్య, నాతోపాటు ఓటు గదిలోకి వచ్చి తమకి నచ్చిన గుర్తు నొక్కి, "వేసేశావమ్మా" అని నాకు కబురు చెప్పేవాళ్లు. యాభై దాటాను. నా ఓటు నేను ఒక్కసారీ వెయ్యలేదు. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే కింది ఆఫీసుకి రాశాను. నా ఓటు నేనే వెయ్యాలి, ఎవరికీ తెలియకుండా వెయ్యాలి అన్నాను.

ర్యాంపు పంపారు.

నమోదు 209

ఈ చుక్కల లిపి చదవగలిగేది వార్డులో నేనొక్కదాన్నే గనక ధైర్యంగా రాస్తున్నాను. నా ఓటు, బావ మీద పోటీకి నిలబడ్డ ఝాన్సీకి.

ఝాన్సీకీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. ఆవిడ నీళ్ల ట్యాంకు చూసుకుంటుంది, నేను కూరగాయల గది చూసుకుంటాను. నేను ప్రాణంగా పెంచిన కరివేపాకు మొక్కని, నన్నొక్క మాట అడగకుండా, మొదలు దగ్గరికి తుంపి చారులో వేసుకుంది. "మళ్లీ మొలుస్తుంది కదండీ," అంది పైగా. ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు నేను.

మరి ఓటెందుకంటే, తాడు కోసం.

వార్డు నడవలన్నిటి వెంటా ఒక ముడుల తాడు కట్టి ఉంది. ఒక ముడి వస్తే వంటశాల, రెండొస్తే నా కూరగాయల గది, మూడు ముడులు కలిసి వస్తే మా అక్కావాళ్ల ఇల్లు. ఆ తాడు మీద చెయ్యి వేస్తే చాలు, ఈ వార్డులో నాకంటే వేగంగా పోయేవాళ్లు లేరు. చూపున్నవాళ్లు గోడలకి తలలు కొట్టుకుంటుంటే నేను వాళ్ల పక్కనుంచి రివ్వున పోతాను. అదే నా రాజ్యం.

ఈసారి గెలిస్తే ఆ తాడు పీకించి గోడలకి వెలుగు పట్టీ వేయిస్తానంటున్నాడు బావ. "గేదెల కొట్టంలా ఉందే ఆ తాడు. కిందనించి పెద్దోళ్లొత్తే ఏమనుకుంటారు?" అంటాడు.

"మరి నేనో?"

"నీకేంటే? నేనున్నాను కదా. ఎక్కడికంటే అక్కడికి చెయ్యట్టుకుని తీసుకెల్తాను."

దుర్మార్గుడైతే తిట్టి పోసేదాన్ని. మా బావకి నేనంటే ప్రాణం, అదే వచ్చిన చిక్కు. రోజూ ఆయన చేతి వంటే తింటాను, ఆయన ఇంట్లోనే పడుకుంటాను. ఆయన గుర్తు గరిటె. ఆ గరిటెకి నేను ఓటెయ్యలేదని తెలిస్తే తిట్టడు, కొట్టడు, ఊరికే బాధపడతాడు. దానికన్నా రెండు తిట్టడమే నయం.

ఝాన్సీ మాత్రం తాడు తియ్యనివ్వనంది. నా మీద దయతో కాదు. చీరలు ఆరేసుకోవడానికి. రోజూ ఆవిడ తడిచీరలు ఆ తాడుకే క్లిప్పులు పెట్టి వేలాడుతుంటాయి. వేగంగా వెళ్తున్న నా ముఖానికి రోజుకి ఒకటైనా ఫట్‌మని తగులుతుంది. ఏ చీరకి ఏ సబ్బు వాడుతుందో కూడా చెప్పగలను. అలాంటి మనిషికి నేను ఓటేశానని ఆవిడకే తెలిస్తే? ఆ ట్యాంకు గదిలో కూర్చుని ఎలా నవ్వుతుందో ఇప్పుడే నా చెవుల్లో వినిపిస్తోంది.

అందుకే రహస్యం. బావకి తెలియకూడదు. ఝాన్సీకి అసలే తెలియకూడదు.

నమోదు 210

ఎన్నికల అధికారి యజ్ఞనారాయణ గారు కిందనుంచి వచ్చారు. రాగానే నమస్కారం పెట్టబోయి తలకిందులయ్యారు. తర్వాత పొద్దుపోయేదాకా సంచీలో వాంతులు చేసుకుంటూ, మధ్యమధ్యలో నిబంధనలు చదివారు. మంచి మనిషి. అంత అవస్థలో కూడా ఒక్క నిబంధన విడిచిపెట్టలేదు.

"మేడమ్, మీరు ర్యాంపు వినియోగించినట్టు ఫొటో కావాలి."

"అయ్యా, నేను గుడ్డిదాన్ని. కుంటిదాన్ని కాను."

"సౌకర్యం కల్పించాం మేడమ్. వినియోగం నమోదు కావాలి."

ర్యాంపుని వంటశాల సామాన్ల గది గుమ్మం దగ్గర బిగించారు. అదే పోలింగు గది. ఏ వైపు నేల అన్న మీద ఒక పూట వాదించుకుని, చివరికి అధికారి గారి పాదాలు ఆ క్షణంలో ఎటున్నాయో అదే నేల అని తీర్మానించారు. ర్యాంపు మీద నేను నిలబడటం లేదు, తేలిపోతున్నాను. అందుకని నడుముకి తాడు కట్టి దానికి బిగించారు. బిగించేసరికి నేను మునక్కాయల కట్టలా ఉన్నానని అక్క నవ్వింది.

"కాస్త నడుస్తున్నట్టు కాలు ఎత్తండి మేడమ్. సంతోషంగా."

సంతోషంగా ఎత్తిన ఆ కాలు అధికారి గారి కడుపులో తగిలింది. ఆయన కెమెరాతో సహా వెనక్కి తేలిపోయి బీరకాయల బుట్టలో పడ్డారు. నేను కావాలని తన్నలేదు. తన్నినందుకు బాధ కూడా పడలేదు.

నమోదు 211

అసలు సరుకు ఈ రోజు విప్పారు. మాట్లాడే ఓటు యంత్రం! మూడు మీటలు, గుర్తుకొకటి, అవుననడానికి ఒకటి. గుర్తు పేరు చదివి వినిపిస్తుంది, నొక్కాక నిర్ధారిస్తుంది. మీటల మీద వేళ్లు పెట్టి చూశాను. ఎవరి చెయ్యీ నా చెయ్యి మీద లేకుండా ఓటేసే వస్తువుని జీవితంలో మొదటిసారి తాకాను.

తర్వాత దాన్ని ఆన్ చేశారు.

"నమస్కారం! మీరు ఎంచుకున్న గుర్తు, బిందె! అవునా?" అని అది రంకె వేసింది. వంటశాల అవతల కొళాయి దగ్గరున్న ఝాన్సీ, "నా గుర్తుకేమైందండీ?" అంటూ పరిగెత్తుకొచ్చింది. పరిగెత్తడమంటే తేలుతూ రావడమే, కానీ ఆవిడ తేలినా పరిగెత్తినట్టే ఉంటుంది.

వినికిడి తక్కువవాళ్లకి కూడా పనికి రావాలని గొంతు అంత పెట్టారట. "చెవికి పెట్టుకునే గొట్టం ఉండాలే?" అని అడిగాను.

అధికారి గారు కాగితాలు తిరగేశారు. "ఉంది మేడమ్. కానీ ర్యాంపు బరువు ఎక్కువై పడవలో కొన్ని చిన్న సామాన్లు దింపేశారు."

"గుప్పెడంత కూడా ఉండదు కదండీ అది!"

"ఆవకాయ జాడీల పెట్టెలోనే సర్దారట మేడమ్."

మా దగ్గరున్న చెవి గొట్టాలు పెడదామంటే, ముద్ర లేనివి పెట్టకూడదట. గొంతు తగ్గించే మర యంత్రానికి లేదు. సరే, పోనీ అనుకుంటే ఆయన ఇంకో మాట చెప్పారు, నన్ను సంతోషపెడదామని.

"మిగతా అందరికీ కాగితం ఓటు. యంత్రం ప్రత్యేకంగా మీ ఒక్కరి కోసమే మేడమ్!"

అక్కడే కొయ్యబారిపోయాను. యంత్రంలో పడేది ఒక్క ఓటు. లెక్కపెట్టేది అందరి ముందూ. యంత్రంలో బిందెకి ఒకటి అని చదివితే, అది ఎవరిదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. నా రహస్యానికి వార్డంతా తాంబూలాలు పంచినట్టే.

"పోనీ సహాయకుణ్ని తీసుకెళ్లవచ్చు మేడమ్, నిబంధన ఉంది," అన్నారాయన. ఆ మాట అన్నారో లేదో "నేనొస్తా తాయారూ!" అంటూ నాలుగు దిక్కుల నుంచీ చేతులు వచ్చి నా చేతులు పట్టుకున్నాయి. అందరికంటే ముందు పట్టుకున్నది బావ.

నమోదు 212

ఈ రోజు వంటశాలలో అందరినీ పిలిపించి అడిగేశాను. అడగడం కాదు, అరిచాను.

"అందరూ యంత్రంలోనే వెయ్యండి. మీ ఓట్ల మధ్య నా ఓటు కలిసిపోతుంది. నాకు అది చాలు."

ఆవకాయ పోగొట్టిన ఆడమనిషి మాట ఎవరు వింటారు? చివరికి సోములు నోరు విప్పాడు. సోములు కరెంటిచ్చే ఎండ పలకలు బాగుచేస్తాడు, పెళ్లిళ్లకీ పేరంటాలకీ సన్నాయి ఊదుతాడు.

"అయ్యబాబోయ్, అది అరుత్తాదండీ తాయారు గారూ. ఎవుడికేసేనో ఊరంతా చెప్పేత్తాది. నాకొద్దండీ బాబూ."

అందరూ అవునవునన్నారు. అంత గట్టిగా ఎందుకన్నారో నాకు తోచడం లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడ కన్నీళ్లు కిందికి జారవు, ఉండలా కంటికే అంటుకుని వేలాడతాయి, దాచుకోవడానికి వీల్లేదు. కొంగుతో ఒత్తుకుంటుంటే బావ గరిటె గిన్నె మీద టంగుమని కొట్టాడు.

"మా తాయారు ఏడవడానికి వీల్లేదు. ఏరా సోములూ, పెళ్లిలో తాళి కట్టేటప్పుడు ఎవడన్నా తుమ్మితే?"

"గట్టిమేళమండి. తుమ్ము ఇనపడకుండా."

"మరింకేంటి? ఒక్కొక్కరూ లోపలికెళ్లి మీట నొక్కేటప్పుడు బయట గట్టిమేళం. నువ్వు సన్నాయి ఊదు, మిగతావాళ్లు పళ్లేలు వాయించండి. యంత్రం ఎంత అరిచినా లోపలున్నోళ్లకి తప్ప ఇంకెవరికీ వినపడదు. అందరూ యంత్రంలోనే వేస్తారు. కాదన్నోడికి ఆవకాయ లేదు."

కాదన్నవాడు లేడు. అధికారి గారు నిబంధనలన్నీ వెతికి, గట్టిమేళాన్ని నిషేధించే నిబంధన ఏదీ కనపడటం లేదని, కొంచెం దిగులుగా ఒప్పుకున్నారు.

బావ నా తల నిమిరి వెళ్లిపోయాడు. నా ఓటు ఎవరికీ తెలియకుండా ఉండాలని అంత పట్టుపట్టాడు మనిషి, ఆ ఓటు ఆయనకి కాదని తెలియక. అన్నం సహించలేదు నాకు.

నమోదు 214

213 రాయలేదు. మనసు బాగాలేదు. ఒక దశలో గరిటెకే వేసేద్దామనుకున్నాను. తర్వాత తాడు మీద చెయ్యి పెట్టుకుని వంటశాల దాకా ఒక్కదాన్నే వెళ్లి ఒక్కదాన్నే వచ్చాను. అప్పుడు మళ్లీ మనసు మార్చుకున్నాను.

ఈ రోజు పోలింగు. ముందు అధికారి గారు ఉత్తుత్తి ఓటు ఒకటి వేసి చూస్తానన్నారు. బావ "గట్టిమేళం! గట్టిమేళం!" అని వేలు ఊపాడట. సోములు సన్నాయి అందుకున్నాడు, జనం పళ్లేలు వాయించారు. సోములు గాలి ముందుకి ఊదుతున్నాడు గనక తాను వెనక్కి పోతున్నాడు. ఆనందభైరవి పల్లవిలో ఉండగానే నడవ చివరికి వెళ్లిపోయాడు. ఇద్దరు వెళ్లి కాళ్లు పట్టుకుని లాక్కొచ్చి, అక్కడినుంచీ కాళ్లు వదల్లేదు.

అప్పుడు బయటపడింది యంత్రం అసలు గుణం. చుట్టూ సందడి పెరిగితే అది గొంతు పెంచుతుంది. మేము వాయించినకొద్దీ అది అరుస్తుంది, అది అరిచినకొద్దీ మేము వాయిస్తున్నాం. "గరిటె! గరిటె! మీరు ఎంచుకున్నది గరిటె!" గోడలు వణికాయి. పై అరల్లో చెంబులు ఊడి తేలుతూ వచ్చాయి. గదిలోంచి అధికారి గారు చెవులు మూసుకుని బయటికొచ్చి, ర్యాంపుకి కొట్టుకున్నారు. ఆ ర్యాంపుని ఎవరైనా వాడారంటే ఆ ఒక్కసారే.

మేళం ఆగింది. "ఎన్నిక వాయిదా వెయ్యాల్సి వస్తుందేమో," అన్నారాయన నీరసంగా. వాయిదా అంటే వచ్చే పడవ దాకా.

సరిగ్గా అప్పుడు, ఆ అదురుకి క్లిప్పులూడిన ఝాన్సీ తడిచీర ఒకటి నడవలోంచి తేలుతూ వచ్చి, నా ముఖాన్ని రాసుకుంటూ పోయి, గదిలో యంత్రానికి ఫట్‌మని చుట్టుకుంది.

"మీరు ఎంచుకున్నది గరిటె," అంది యంత్రం, గుసగుసగా. పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు.

దాని చెవి ఆ తడిగుడ్డతో మూసుకుపోయింది. బయటి సందడి వినపడక, ప్రపంచమంతా పడుకుందనుకుని గొంతు తగ్గించింది. మళ్లీ వాయించి చూశారు. అదే గుసగుస.

"అయ్యో నా చీర! ఇవ్వండి, ఇంకా పిండలేదది," అంటూ ఝాన్సీ చెయ్యి చాచింది. ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నాను.

"ఉండనీ ఝాన్సీ. ఉండనీయమ్మా."

ఆరేళ్ల తర్వాత మొదటి మాట. ఆవిడ చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది.

"ఉండనిస్తాను గానండీ," అంది ఝాన్సీ చివరికి, "మడత నలక్కుండా చూడండి."

అభ్యర్థి వస్తువు పోలింగు గదిలో ఉండవచ్చా అని అధికారి గారికి సందేహం వచ్చింది. చీర మీద బిందె బొమ్మ ఎక్కడైనా ఉందేమోనని అంచు నుంచి అంచు దాకా వెతికారు. మామిడి పిందెలే ఉన్నాయట. ఆవకాయ గుర్తొచ్చి ఎవరో నిట్టూర్చారు.

తర్వాత ఒక్కొక్కరే వెళ్లారు, ఒక్కొక్కరికీ గట్టిమేళం. నా వంతు వచ్చింది. "నేను గుమ్మం దాకా..." అని బావ మొదలెట్టాడు. "వద్దు బావా," అన్నాను. తాడు పట్టుకుని వెళ్లాను, తెర లాక్కున్నాను.

బయట సన్నాయి, పళ్లేలు, అరుపులు. లోపల సబ్బు వాసన వేసే తడిచీర కింద చిన్న గొంతు. "బిందె," అంది. నొక్కాను. "మీరు ఎంచుకున్నది బిందె. అవునా?" అంది. నన్ను అడిగింది! నాన్నని కాదు, అన్నయ్యని కాదు, నన్ను. అవునని మూడో మీట నొక్కాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెర వెనక ఎవరూ చూడరు గనక రెండూ తీరిగ్గా చేసుకుని వచ్చాను.

నమోదు 215

లెక్క. యంత్రం మీద చీర తీసేసి అందరి ముందూ పెట్టారు. అది పాత గొంతు అందుకుంది.

"బిందె, ముప్పై మూడు! గరిటె, ఒకటి!"

వార్డులో ఉన్నదే ముప్పై నాలుగు ఓట్లు. వంటశాలలో తేలు కుట్టిన దొంగల్లా అందరూ కిక్కురుమనలేదు. నా ఒక్కదాని కోసం మోగిందనుకున్న మేళం ఇంతమందికి అవసరపడిందా? నేను తప్ప అందరూ తమ ఓటు తాము వేసుకుంటున్నారని ఇన్నేళ్లూ కుళ్లుకున్నాను. వీళ్లని చెయ్యి పట్టుకుని లాగలేదంతే, పప్పు వాసన పెట్టి లాగారు.

సోములు పక్కవాడితో గొణగడం నా చెవిన పడింది. "బుల్లెబ్బాయి గారు దేవుడేరా. కానీ ఎన్నాళ్లని తింటాం ఆ బీరకాయ పప్పు?"

అక్క నా చెవి దగ్గరికొచ్చింది. "నేనూ బిందెకే వేశానే. మెంబరైన కాడ్నించీ మీ బావ ఇంట్లో కూడా మీటింగులు పెడుతున్నాడు," అంది.

బావ ఝాన్సీకి నమస్కారం చెప్పాడు. అందరికీ వడ్డించాడు. గరిటె గిన్నెకి తగిలే చప్పుడు మాత్రం రోజూలా లేదు, మెత్తగా ఉంది.

భోజనాలయ్యాక ఝాన్సీ నా కూరగాయల గదికి వచ్చింది. చీర తీసుకెళ్దామని వచ్చిందట. చీర ఇక్కడ లేదని ఆవిడకీ తెలుసు.

"ఒక సంగతి చెప్తాను, ఎవరితోనూ అనకండి," అంది. "మీ బావగారికి పడిన ఆ ఒక్క ఓటూ నాదేనండీ. నాకు నేను వేసుకోవడానికి సిగ్గుండద్దూ? ఇంతమంది నాకేస్తారని నేనేమైనా కలగన్నానా?" మొక్క దగ్గరికి తేలి, "కరివేపాకు బాగా వచ్చిందండీ ఈసారి," అంది.

ఒక రెమ్మ తుంపి ఇచ్చాను. ఒక్క రెమ్మే.

నమోదు 216

పొద్దున్నే బావ వచ్చాడు. చేతిలో గిన్నె. వాసన ముందే వచ్చింది, ఆవకాయ! ఉన్న ఒక్క జాడీలోంచి, గెలిస్తే విందులో పెట్టడానికి తీసి దాచిన పై ముక్కలు.

"తిను," అన్నాడు.

"ఏంటి బావా ఇది?"

"నేను నా ఓటు ఝాన్సీకేశానే. మర్యాద కదా. మరి గరిటెకి పడిన ఆ ఒక్కటీ ఎవరిది? రాత్రంతా ఆలోచించాను." గిన్నె నా చేతిలో పెట్టాడు. "నేను గెలిస్తే నీ తాడు పోతుందని తెలుసు నీకు. అయినా నాకే వేశావు. ఇంత వార్డులో నువ్వొక్కదానివే, తాయారూ."

నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. "బావా, అదీ..."

"చెప్పకు! రహస్యం. నీకు రహస్యమంటే ఎంత పట్టుదలో నాకు తెలీదేంటి?" అని ఒక ముక్క నా నోట్లో పెట్టేశాడు.

కక్కలేక మింగలేక అంటే ఏమిటో ఈ రోజు తెలిసింది. నా ఓటు రహస్యంగా ఉండాలని ఆకాశం నుంచి భూమి దాకా రచ్చ చేసిందాన్ని నేనే. ఇప్పుడు ఆ రహస్యాన్ని ఆవకాయతో కలిపి నమలాల్సిందీ నేనే. టెంకతో సహా నమిలాను.

వెళ్లబోతూ ఆగాడు. మా గుమ్మం దగ్గర తాడు ముడి ఒకటి వదులైందట, బిగిస్తానన్నాడు. ఏదో కట్టాడు. ఎప్పుడూ లేనిది, "చూడు, ఇలా చాలా? నీకు తెలుస్తుందా?" అని అడిగాడు. చెయ్యి పట్టుకుని లాగలేదు, అడిగాడు. తడిమి చూశాను. ఎందుకూ పనికిరాని ముడి, లాగితే ఊడొచ్చేలా ఉంది. విప్పి, ఎలా వెయ్యాలో ఆయన వేళ్లతోనే వేయించాను. రెండోసారికి వచ్చింది. ఆ ముడి అలాగే ఉంచుతాను.

ఆయన వెళ్లాక పనికి బయల్దేరాను. తాడు మీద చెయ్యి వేసి, ఒంటరిగా, హాయిగా, రివ్వున పోతున్నాను. వంటశాల మలుపులో ఝాన్సీ తడిచీర ఫట్‌మని ముఖాన కొట్టింది.

తిట్టడానికి నోరెత్తి ఊరుకున్నాను. నేను వేసుకున్న ఓటే కదా.